ఎలక్ట్రిక్ ముంజెలకు ప్రభుత్వ సన్మానం

ఆ ఏడాది రాష్ట్రంలో గొప్పవాటికి గిరాకీ పడిపోయింది. గొప్పవి కావలసి ఉండీ కాలేకపోయినవాటికి పెరిగింది. ఎవరిని కదిపినా 'అండర్‌రేటెడ్' అనే మాటే. ఫలానా సందులో బజ్జీలు అండర్‌రేటెడ్, సినిమాలో హీరో పక్కన నిలబడే స్నేహితుడు అండర్‌రేటెడ్, కాకరకాయ అండర్‌రేటెడ్. అందరికీ తెలిసినదాన్ని ఇష్టపడ్డం మర్యాద తక్కువ పనైపోయింది. జనం అంత హుషారుగా ఉన్నప్పుడు ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు గదా! 'అల్పగుర్తింపు కళాకారుల గుర్తింపు మండలి' అని ఒకటి పెట్టి, దానికో మేడ, మేడకో బోర్డు, బోర్డు వెనక ఓ అధికారిని ఏర్పాటు చేసింది.

ఆ అధికారి పేరు చామర్తి అనంతశయనం. అంతకుముందు రొయ్యల శాఖలో ఉండేవారు. కళల గురించి తనకేమీ తెలియదని ఆయనే చెప్పుకునేవారు. పక్షపాతం లేదనడానికి అంతకన్నా రుజువేం కావాలని ఎదురడిగేవారు.

మండలికి ఉన్న నియమం ఒక్కటే. "పురస్కార గ్రహీత, పురస్కారము అందుకొను క్షణము వరకును, అందుకొనిన పిమ్మటను, ప్రజలకు తెలియనివాడై ఉండవలెను." పేరు రానివాళ్లకి పేరు తేవడానికి పెట్టిన మండలికి ఇలాంటి నియమం ఏమిటని ఒకరిద్దరు అడిగారు. పేరొస్తే వాళ్లిక అల్పగుర్తింపు కళాకారులు కారు గదా, అనర్హులకు సన్మానం చేస్తే ఆడిట్‌వాళ్లు ఊరుకుంటారా, అన్నారు అనంతశయనంగారు. అడిగినవాళ్లు ఇంటికెళ్లిపోయారు.

సరిగ్గా అప్పుడే మండలి కంట ఎలక్ట్రిక్ ముంజెలు పడ్డాయి.

ఎలక్ట్రిక్ ముంజెలంటే తినేవి కావు. అరవైల్లో వాల్టేరు రైల్వే కాలనీలో నలుగురు కుర్రాళ్లు కట్టిన పాటల బృందం. దేశదేశాల కుర్రకారు జుట్టు పెంచి, పూలచొక్కాలు తొడుక్కుని, వింటుంటే కళ్లముందు రంగులు తిరిగే పాటలు కడుతున్న రోజులవి. రేవులో దిగిన ఓ నావికుడి దగ్గర ఆ నలుగురిలో క్లెమెంట్ అనేవాడు అలాంటి రికార్డులు రెండు సంపాదించాడు. అవి విన్న రోజు నుంచీ లోకోషెడ్డు ఫిట్టరు సన్యాసిరావుకి నిద్ర లేదు. సన్యాసిరావు గిటారు, పాట. క్లెమెంట్ ఆర్గాన్. అప్పలస్వామి డ్రమ్ములు. ముకుందరావు బాస్ గిటారు. రైళ్ల రాకపోకలు చెప్పడానికి పనికిరాదని స్టేషన్‌వాళ్లు పారేసిన యాంప్లిఫయరు ఒకటి తెచ్చుకున్నారు. ముంజెలు తిన్న తడిచేతుల్తో దాన్ని ముట్టుకుని నలుగురూ ఒకేసారి షాక్ కొట్టించుకున్నారు. పేరు అలా కుదిరింది.

వాళ్లు కట్టిన పాటల్లో గొప్పది 'గుండ్రటి సాయంత్రం'. అది మెల్లగా, జోలపాటలా మొదలై, సగానికొచ్చేసరికి సన్యాసిరావు గిటారు ఊళ పెట్టడం మొదలెట్టేది. ఆ ఊళ పైకి, ఇంకా పైకి లేచి, ఇక భరించలేం అనుకునే చోట క్లెమెంట్ ఆర్గాన్ దాన్ని అందుకుని నేలమీదికి దింపాలి. దింపాలి అనడమే గాని జనం ముందు దింపింది లేదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవంలో ఊళ మొదలవగానే సెక్రటరీగారు యాంప్లిఫయరు పాడైందనుకుని మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. ఆ మహానుభావుడు ఎంత శ్రద్ధగా బాగుచేశాడంటే, ఆ రాత్రి దాంట్లోంచి ఊళన్నది మళ్లీ రాలేదు. ఓ రేడియో కేంద్రానికి టేపు పంపితే "టేపు వెనక్కి తిరుగుతున్నది, సరిచేసి పంపగలరు" అని తిప్పి పంపారు. అది కావాలని వెనక్కి తిప్పిందే. రికార్డు కంపెనీ కాసిని రికార్డులు వేసి, ఊళ రాకముందే పాటని కత్తిరించేసింది. ఆ తర్వాత డ్యూటీలు, పెళ్లిళ్లు, పిల్లలు. ముకుందరావు పోయాడు. బృందం ఉందో లేదో చెప్పడం కష్టమైంది.

కాని మిగతా ముగ్గురూ ఆదివారం సాయంత్రాలు సన్యాసిరావు ఇంట్లో చేరడం మానలేదు. 'గుండ్రటి సాయంత్రం' మొదలెట్టేవారు. ఊళ దగ్గరికి రాగానే ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోయేది. సన్యాసిరావు భార్య నూకరత్నం చీకట్లో కొవ్వొత్తి వెతుక్కుంటూ ముగ్గురినీ తిట్టేది. ముసలాళ్లు నవ్వుకుంటూ టీ తాగి లేచేవారు.

అయితే ఈమధ్య ఆ నవ్వు తగ్గింది. బాయిలర్ షాపులో జన్మంతా పనిచేసిన క్లెమెంట్‌కి చెవులు పోతున్నాయి. ఇంకో ఏడాదికి ఏమీ వినపడదని డాక్టరు చెప్పేశాడు. సన్యాసిరావుకి అప్పట్నుంచీ ఒకటే కోరిక. ఒక్కసారి, జనం ముందు, 'గుండ్రటి సాయంత్రం' చివరిదాకా వాయించాలి. క్లెమెంట్ దాన్ని వినాలి.

సరిగ్గా ఆ రోజుల్లో అనంతశయనంగారు జీపు దిగి వాళ్ల గుమ్మంలోకొచ్చారు. పాత సామాన్ల కొట్లో ఎవరూ కొనని రికార్డుల బుట్ట అడుగున దొరికిన రికార్డు ఆయన చేతిలో ఉంది.

"మీరేనా ఎలక్ట్రిక్ ముంజెలు?"

"నానొక్కణ్ణే కాదు బాబూ. నలుగురం. ఇప్పుడు ముగ్గురం," అన్నాడు సన్యాసిరావు.

"సంతోషం. మీ గురించి ఎవరికీ ఏమీ తెలియదని మండలికి విశ్వసనీయమైన సమాచారం అందింది. అభినందనలు."

నూకరత్నం తలుపు వెనకనుంచి బయటికొచ్చింది. "ఓలమ్మో! ఎవులికీ తెలవకపోతే అభినందనలేటండీ?"

"అదేనమ్మా అర్హత," అన్నారు అనంతశయనంగారు. శాలువా, ప్రశంసాపత్రం, నగరంలోని పెద్ద ఆడిటోరియంలో కచేరీ. ఇవీ పురస్కారంలో భాగాలని వివరించారు.

సన్యాసిరావుకి చివరి మాట తప్ప ఇంకేమీ వినపడలేదు. "శాలువా లేకపోయినా పర్లేదు బాబూ. కచేరీ బేగి ఎట్టించండి. మావోడి సెవులు..."

"విచారణ ముగియగానే తగు చర్య తీసుకొనబడును," అని ఆయన జీపెక్కారు.

విచారణ మర్నాడే మొదలైంది. అనంతశయనంగారు కాలనీ మొదట్లో గవరయ్య టీకొట్టు దగ్గర ఆగి, "ఎలక్ట్రిక్ ముంజెలు అనువారు మీకు తెలియునా?" అని అడిగారు.

గవరయ్య మొహం వెలిగిపోయింది. "ఎందుకు తెల్దండీ! మా సన్యాసిరావు బావ బేండే కదా. ఆదివారం పొద్దోతే మేవందరం అరుగుల మీద కూకునుంటాం. మా అయ్య కూడా పోయేదాకా ఆ పాటే తీసేవోడు. అయితే సగంలో పీజు పోద్ది. ఆ తరవాతేటవుద్దో ఎవులికీ తెల్దు. అదే మా బెంగ."

పక్కింటివాళ్లూ అదే చెప్పారు. ఎదురింటివాళ్లు పాడి వినిపించారు. చర్చి ఫాదరుగారు, పాలమ్మే పైడితల్లి, చివరికి కాలనీకి బదిలీ మీద కొత్తగా వచ్చిన టికెట్ కలెక్టరు, అందరికీ తెలుసు. సగం దాకా తెలుసు.

ఈ సంగతి సన్యాసిరావుకి అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లూ తమ పాట ఎవరికీ అక్కర్లేదనే అనుకున్నాడు. ఆ అరుగుల మీద వాళ్లు గాలికి కూర్చున్నారనుకున్నాడు. అతని కళ్లు చెమర్చడం చూసి అనంతశయనంగారు పశ్చాత్తాపమనుకున్నారు.

"చూడండి సన్యాసిరావుగారూ, ఈ వీధిలో మీకు ప్రమాదకరమైన స్థాయిలో పేరున్నది. పరిస్థితి ఇట్లే కొనసాగిన యెడల మీ అర్హత రద్దగును. మండలికి మీ మీద ప్రత్యేకాభిమానం ఉంది కనుక పునర్విచారణకు అవకాశం ఇస్తున్నాము. ఈలోగా మిమ్మల్ని మరచిపోవలసిందిగా ప్రజలను కోరండి."

కోరే పని నూకరత్నం తన మీద వేసుకుంది. ఇంటింటికీ తిరిగింది. "మీకు పున్నెం ఉంటాది, మా ఆయన్ని ఎరగమని సెప్పండి. ఎరుగుదుమన్నారో, ఆ కచేరీ లేదు, పాట సివర్న ఏటవుద్దో సచ్చేదాకా తెల్దు," అంది. జనానికి అంతకన్నా చెప్పక్కర్లేకపోయింది.

పునర్విచారణ దివ్యంగా జరిగింది. గవరయ్య "ముంజెలా? వేసంకాలంలో రండి" అన్నాడు. ఫాదరుగారు అబద్ధం ఆడలేక, ఆడకుండా ఉండలేక, ఆ పూట మౌనవ్రతం పట్టారు. మిగతావాళ్లందరూ తాము సన్యాసిరావునుగాని, ఆయన పాటనుగాని ఎరగమని సాక్షుల ముందు ప్రమాణం చేసి సంతకాలు పెట్టారు. చివరికి అనంతశయనంగారు నూకరత్నాన్నే అడిగారు.

"నానెరగనండి," అంది ఆవిడ.

"మీ భర్తగారే కదమ్మా?"

"అన్నవెడతాను, బట్టలుతుకుతాను. అంతకుమించి ఎవులో ఏటో నాకు తెల్దు."

అనంతశయనంగారు కదిలిపోయారు. తన సర్వీసులో ఇంత స్వచ్ఛమైన అప్రసిద్ధి చూడలేదన్నారు.

ఇక కచేరీయే తరువాయి అనుకున్నాడు సన్యాసిరావు. అప్పుడు రాజధానిలో ఎవరికో ఓ సందేహం వచ్చింది. ఈ కళాకారుల సంగతి మండలి అధికారికి తెలుసు కదా, మరి ఒకరికి తెలిసినట్టే కదా, అని. న్యాయసలహా కోరారు. ఆ సలహా వచ్చేసరికి వానాకాలం మొత్తం గడిచిపోయింది. "అధికారికి తెలిసినంత మాత్రమున ఎవరికీ తెలిసినట్లు కాదు" అని సలహా. మండలి ఊపిరి పీల్చుకుంది.

ఆ వానల్లోనే క్లెమెంట్‌కి ఎడమ చెవి పోయింది. సన్యాసిరావు మండలి మేడ ఎక్కి, "బేగి ఎట్టించండి బాబూ, మీకు దండం ఎడతాను," అని బతిమాలాడు.

"తొందరపడకండి," అన్నారు అనంతశయనంగారు ఎంతో ఆప్యాయంగా. "తొందరపడ్డవారికే పేరొస్తుంది."

చలిగాలులు మొదలయ్యాక ఓ ఆదివారం ముగ్గురూ వాయిస్తున్నారు. ఎప్పటిలాగే ఫ్యూజు పోయింది. గిటారు ఆగింది, డ్రమ్ములు ఆగాయి, కరెంటు లేని ఆర్గానూ మూగబోయింది. క్లెమెంట్ వేళ్లు మాత్రం ఆగలేదు. మూగ మెట్ల మీద అవి తమ పాటికి తాము తిరుగుతూనే ఉన్నాయి. అప్పలస్వామి వెళ్లి భుజం మీద చెయ్యి వేసేదాకా అతనికి ఏమీ తెలియలేదు. ఆ చీకట్లో సన్యాసిరావు వంటింట్లోకి వెళ్లి, నూకరత్నం దగ్గర చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తిరిగొచ్చి, కచేరీ వద్దని రాసిచ్చేస్తానని కొవ్వొత్తి వెలుగులో పలక మీద రాసి క్లెమెంట్‌కి చూపించాడు. ఎవరి కోసం అనుకున్నాడో అతనే వినలేని పాట ఎందుకు?

"ఏం మ్యాన్, పిచ్చా?" అన్నాడు క్లెమెంట్. "నా చేతులకి తెలుసు. నువ్వు ఊళ పెట్టు. దింపడం నేను చూసుకుంటా."

ఎట్టకేలకు అనుమతి వచ్చింది. దాంతోపాటు నిబంధన కూడా. "కచేరీకి శ్రోతలను అనుమతించిన యెడల గ్రహీతలకు గుర్తింపు కలిగి అర్హత భంగపడును. కావున శ్రోతలు లేకుండునట్లు సర్వ చర్యలు తీసుకొనవలెను."

సన్యాసిరావు రెండుసార్లు చదివాడు. "జనం లేకుండా కచేరీయా బాబూ?"

"కచేరీ మీది. జనం లేకపోవడం మాది. ఎవరి బాధ్యత వారిది," అన్నారు అనంతశయనంగారు.

ఆ బాధ్యతని ఆయన ప్రాణం పెట్టి నిర్వహించారు. మొదట తలుపుల దగ్గర కాపలా అనుకున్నారు. తలుపు తప్పించుకుని ఎవరైనా లోపలికొస్తే? ఆడిటోరియం నిండా ఖాళీ కుర్చీలు. ఖాళీ కుర్చీ కనిపిస్తే మనిషి కూర్చోకుండా ఉండలేడని రొయ్యల శాఖ సమావేశాల్లో ఆయన స్వయంగా గమనించారు. కాబట్టి ప్రతి కుర్చీకీ ఓ కాపలా మనిషి కావాలి. కాపలా మనిషి కుర్చీ పక్కన నిలబడితే కుర్చీ ఖాళీగానే ఉంటుంది కనుక, అతను అందులోనే కూర్చుని కాపలా కాయాలి. కూర్చున్నవాడు పాట వినే ప్రమాదం ఉంది కనుక చెవుల్లో దూది పెట్టుకోవాలి.

మరి అంతమంది కాపలావాళ్లు ఎక్కడ దొరుకుతారు? వాళ్లు నమ్మకస్తులై ఉండాలి. ఎలక్ట్రిక్ ముంజెలను బొత్తిగా ఎరగనివాళ్లై ఉండాలి. ఎరగమని సాక్షుల ముందు ప్రమాణం చేసి సంతకాలు పెట్టినవాళ్లు రాష్ట్రం మొత్తం మీద ఒక్క చోటే ఉన్నారు. వాల్టేరు రైల్వే కాలనీలో.

కచేరీ రోజు మధ్యాహ్నానికే కాలనీ యావత్తూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని డ్యూటీకి దిగింది. ఒక్కొక్కరి చేతికీ 'శ్రోతల నివారణ సిబ్బంది' అని పట్టీ కట్టారు, రెండేసి దూది ఉండలు ఇచ్చారు. పక్క కాలనీ నుంచి వచ్చిన చుట్టాలని గేటు దగ్గరే ఆపేశారు. శ్రోతలు అనుకుని. ముందు వరసలో నూకరత్నం పట్టుచీర కట్టుకుని కూర్చుంది. పక్కన గవరయ్య. మౌనవ్రతం విడిచిన ఫాదరుగారు. అనంతశయనంగారు వేదిక పక్కన నిలబడి, నాయకుడన్నవాడు ఆదర్శంగా ఉండాలి కనుక, తన చెవుల్లో రెండింతల దూది కూరుకున్నారు.

తెర లేచింది. సన్యాసిరావు చూశాడు. కిక్కిరిసిన ఆడిటోరియం. అందరి చెవుల్లోనూ తెల్లటి దూది. వెనక ఆర్గాన్ దగ్గర క్లెమెంట్, దూది అవసరం లేనివాడు, తాళం కోసం అప్పలస్వామి చేతుల మీదే చూపు నిలిపి కూర్చున్నాడు. ఇంతమంది ఉండీ ఒక్క చెవి లేదే అనుకున్నాడు సన్యాసిరావు. అయినా మొదలెట్టాడు.

జోలపాట సాగింది. జనం ప్రమాణం తప్పకుండా, బిగదీసుకుని కూర్చున్నారు. సగం వచ్చింది. ఇంట్లో అయితే ఫ్యూజు పోయే చోటు. గిటారు ఊళ అందుకుంది.

వెంటనే వేదిక పక్కనుంచి ఆడిటోరియం ఎలక్ట్రీషియన్ లేచాడు. యాంప్లిఫయరు పాడైందని అతని మొహమే చెబుతోంది. అతను మెయిన్ స్విచ్చి వైపు అడుగులు వేయడం సన్యాసిరావు కళ్లారా చూశాడు. ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవం గుర్తొచ్చింది. అయినా వాయించడం ఆపలేదు.

అప్పుడు నూకరత్నం కుర్చీలోంచి లేచింది. డ్యూటీ పట్టీ కట్టిన చేత్తో ఎలక్ట్రీషియన్ చొక్కా పట్టుకుని, "కూకో!" అంది. ఆ గొంతు వేదిక దాకా వినిపించింది. అతన్ని తన కుర్చీలోకి తోసి, అడ్డంగా నిలబడి, రెండు చెవుల్లోంచీ దూది పీకి కింద పారేసింది. జన్మంతా కొవ్వొత్తి వెతుక్కున్న మనిషి ఆ ఊళని మొదటిసారి పూర్తిగా విన్నది.

గవరయ్య కూడా పీకేశాడు. ఫాదరుగారు పీకేశారు. వరస వెనక వరస, ఆడిటోరియం చివరిదాకా దూది ఉండలు రాలాయి. ఊళ పైకి లేచింది, ఇంకా లేచింది, ఇక భరించలేం అనుకునే చోట, ఒక్క శబ్దమూ వినపడని క్లెమెంట్ ఆర్గాన్ దాన్ని అందుకుని నేలమీదికి దింపింది. ఎంత మెల్లగా దింపాలో అంత మెల్లగా.

జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు, కేకలు, ఈలలు. గవరయ్య వాళ్లయ్య పేరు చెప్పి ఏడుస్తున్నాడు. క్లెమెంట్ తలెత్తి చూశాడు. కదిలే చేతులు, తడిసిన మొహాలు, నేలంతా తెల్లగా దూది.

దూది రెండింతలు కూరుకున్న అనంతశయనంగారు కూడా ఆ చేతులు చూశారు. పని ముగియగానే సిబ్బంది దూది తీసేసి, చేతులు దులుపుకుంటున్నారని అర్థం చేసుకున్నారు. ఇంత క్రమశిక్షణ ఏ శాఖలోనూ చూడలేదని ఆ సాయంత్రమే పైకి రాసి పంపారు. ఆ తర్వాత ఆయన్ని ప్రమోషన్ మీద గ్రంథాలయాలకు వేశారు.

కొన్నాళ్లకి ప్రశంసాపత్రం వచ్చింది. బంగారురంగు అంచు, పెద్ద ముద్ర. సన్యాసిరావు దాన్ని క్లెమెంట్ చేతిలో పెట్టాడు. క్లెమెంట్ కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి మెల్లగా చదివాడు. "ఎలక్ట్రిక్ ముంజెలు అను బృందము 'గుండ్రటి సాయంత్రం' అను గీతమును సంపూర్ణముగా వాయించినదనియు, దానిని ఎవరునూ వినలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

చదివి, చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వు ఎంత పెద్దదో అతనికి తెలియదు. వీధిలో పోతున్నవాళ్లు ఆగి చూశారు.

"ఊరంతా విన్నారు మ్యాన్," అన్నాడు. "విననిది నేనొక్కణ్ణే. దీన్ని నా పేరు మీదికి మార్చి ఇమ్మని అడుగు."